చినుకు వెంట ఏడు రోజులు



మా ఇల్లు హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో ఉంది. ఇంటినుంచి బయలుదేరి చార్మినారు, పత్తర్‌గట్టి దాటి ఉత్తరంగా నడిస్తే నయాపూల్ వస్తుంది. ఆ వంతెన కింద పారేదే మూసీ నది. ఒకనాటి సాయంకాలం ఆ వంతెన మీద నిలబడి మా మనవరాలు, "తాతయ్యా, ఈ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి?" అని అడిగింది.

"అనంతగిరి కొండల్లోనుంచి," అన్నాను.

ఆమె ఏడో తరగతి చదువుతున్నది. ఇంటికి వెళ్ళగానే అట్లాసు తీసి వెతికింది. కొంతసేపటికి ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గిరికి వచ్చి, "తాతయ్యా, అనంతగిరి విశాఖపట్నానికి పైన, తూర్పు కనుమల్లో ఉంది. అక్కడినుంచి మూసీ ఇంత దూరం ఎలా వచ్చింది?" అన్నది.

నాకు నవ్వు వచ్చింది గాని, తప్పు ఆమెది కాదు. మనకు రెండు అనంతగిరులున్నాయి. ఒకటి వికారాబాదు దగ్గర ఉంది. అక్కడ మూసీ పుట్టింది. రెండవది అరకు వెళ్ళే దారిలో ఉంది. ఆ కొండల్లో గోస్తనీ నది పుట్టింది. మూసీ చాలా దూరం పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గోస్తనీ చిన్న నది. కొండమీద పుట్టి, గుహలోగుండా పారి, సముద్రంలో కలిసేదాకా దాన్ని ఒక్క వారంలో చూసి రావచ్చు. నది అంటే ఏమిటో తెలియాలంటే చిన్న నదిని చూడటమే మంచిదని నాకు తోచింది.

అందుచేత పోయిన దసరా సెలవుల్లో మనవరాలినీ, ఐదో తరగతి చదివే మనవణ్ణీ వెంటబెట్టుకుని బయలుదేరాను.

"వానలు పడుతూంటే కొండలకు పోవటమెందుకు, నాన్నా?" అన్నది మా అమ్మాయి.

"వానను చూడటానికి ఎండాకాలంలో వెళతామా?" అన్నాను.

మా మూటలో గొడుగులూ, రెయిన్‌కోట్లూ, అటుకులూ, సున్నుండలూ ఉన్నాయి. వీటితోపాటు ఒక నిలువుపాటి గాజుజాడీ, ఒక స్కేలు కూడా పెట్టుకున్నాను. ఏ రోజు ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలో ఒక కాగితంమీద రాసి జేబులో పెట్టుకున్నాను. ముప్ఫయి ఏళ్ళు బడిలో గంట కొట్టించినవాడికి ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

రాత్రంతా ప్రయాణం చేసి విశాఖపట్నం చేరి, మర్నాడు పొద్దున్నే కిరండూల్ పోయే పాసెంజరు ఎక్కాం. ఆ రైలుమార్గాన్ని మనుషులకోసం వేయలేదు. బైలదిల్లా కొండల్లో దొరికే ఇనుపరాతిని విశాఖ రేవుకు తెచ్చి, జపానుకు పంపటానికని 1960 తరువాత వేశారు. మొదట వేసిన మార్గంలో 58 సొరంగాలున్నాయి. బొడ్డవర దాటాక రైలు కొండ ఎక్కటం మొదలుపెట్టింది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ కేకలు పెట్టారు. మా ఇద్దరూ సొరంగాలు లెక్కపెట్టారు గాని, అరకు చేరేసరికి ఇద్దరి లెక్కలకూ మూడు తేడా వచ్చింది. ఆ తగువు ఇప్పటికీ తీరలేదు.

దారిలో శిమిలిగుడ అనే స్టేషను వచ్చింది. అది సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. చాలా కాలంపాటు మన దేశంలో బ్రాడ్‌గేజి మార్గాలన్నిటిలోకీ ఎత్తైన స్టేషను అదే. తరువాత కాశ్మీరులో వేసిన మార్గం దాన్ని మించిపోయింది. స్టేషనులో దిగి చూస్తే మబ్బు మా మొహాలకు తగులుతూ పోతున్నది. "తాతయ్యా, మబ్బు తడిగా ఉంది!" అని మనవడు ఆశ్చర్యపోయాడు. మబ్బంటే దూదికాదు గదా, సన్నని నీటిబొట్ల గుంపు!

అరకులో మాకు దారి చూపటానికి ఒక గిరిజన యువకుడు వచ్చాడు. ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాడు. పిల్లలు అతన్ని "అన్నా" అన్నారు. అతను నన్ను "మేష్టారూ" అన్నాడు.

రెండవరోజు వాన ఒక్క నిమిషం కూడా ఆగలేదు. పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకు మా గాజుజాడీని పెరట్లో, చెట్టునీడ లేనిచోట పెట్టాం. మన వాతావరణశాఖవారు కూడా ఎనిమిదిన్నరకే వాన కొలుస్తారు. పనిలేక వసారాలో కూచున్న మనవడు, "ఇక్కడ ఇంత వాన ఎందుకు పడుతుంది? మనకక్కడ పడదేం?" అన్నాడు.

మీలో సైకిలు ఉన్నవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పంపుతో గాలి కొడితే పంపు వేడెక్కుతుంది. గాలిని అదిమితే వేడెక్కుతుందన్నమాట. ట్యూబులోనుంచి గాలి వదిలితే, ఆ వచ్చే గాలి వేలికి చల్లగా తగులుతుంది. అదిమిన గాలి వ్యాపిస్తే చల్లబడుతుంది. ఇప్పుడు సముద్రం మీదినుంచి తేమతో వచ్చే గాలి సంగతి చూడండి. దానికి కొండ అడ్డం వచ్చింది. పక్కకు పోవటానికి దారి లేక పైకి ఎక్కింది. పైన ఒత్తిడి తక్కువ గనక వ్యాపించింది, వ్యాపించి చల్లబడింది. వేడిగాలి మోసినంత తేమను చల్లగాలి మోయలేదు. మోయలేని తేమ బొట్లుగా మారింది. అదే మబ్బు, అదే వాన. మేఘాలయలో ఖాసీ కొండల అంచున ఉన్న చిరపుంజిలో ఏడాదికి సుమారు 11,000 మిల్లీమీటర్ల వాన పడటానికి కూడా కారణం ఇదే.

మర్నాడు ఎనిమిదిన్నరకు జాడీలో స్కేలు పెట్టి చూస్తే 70 మిల్లీమీటర్లు ఉన్నది. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు మించితే వాతావరణశాఖవారు దాన్ని భారీ వర్షమంటారు.

"ఏడు సెంటీమీటర్లేనా! మా స్కేలులో సగం కూడా లేదు," అని మనవడు పెదవి విరిచాడు.

"అయితే లెక్క కట్టు," అన్నాను. చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 70 మిల్లీమీటర్లు పడితే 70 లీటర్లు. చదరపు కిలోమీటరులో పది లక్షల చదరపు మీటర్లుంటాయి. వాడు సున్నలన్నీ వేసి, రెండుసార్లు సరిచూసుకుని, "ఏడు కోట్ల లీటర్లు!" అని నోరు తెరిచాడు. ఒక్క చదరపు కిలోమీటరు మీద, ఒక్కరోజు వానలో, ఏడు కోట్ల లీటర్లు! మరి అన్ని నీళ్ళూ ఎక్కడికి పోయాయి?

మూడవరోజున దానికి జవాబు దొరికింది. వాన తెరిపి ఇవ్వగానే అన్న మమ్మల్ని కాఫీతోటలకు తీసుకుపోయాడు. కాఫీమొక్కలు ఎండకు ఓర్వలేవు. అందుచేత వాటిని పెద్ద చెట్ల నీడన పెంచుతారు. ఆ చెట్లకు మిరియాల తీగలు పాకిస్తారు. కాయలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. చలికాలంలో ఎర్రబడ్డాక కోస్తారు. కింద నేలంతా రాలిన ఆకులు చాపలాగా పరుచుకుని ఉన్నాయి. కాలు పెడితే మెత్తగా దిగింది. అన్న ఆ ఆకులను చేత్తో తప్పించి చూపించాడు. వాటికింద మట్టి నల్లగా, నీరు పీల్చిన స్పంజిలాగా ఉంది.

తోట అంచున సన్నని కాలువ పారుతున్నది. మనవరాలు అందులోనుంచి ఒక గ్లాసు నీళ్ళు పట్టింది. తిరిగివచ్చేటప్పుడు, రోడ్డుకోసం కొండను తొలిచినచోట, గడ్డిపోచ కూడా లేని గట్టుమీదినుంచి నీళ్ళు బుడబుడమని దూకుతున్నాయి. అక్కడ ఇంకో గ్లాసు పట్టింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. రెండూ ఒకే వాన నీళ్ళు. మొదటిది అద్దంలా ఉంది. రెండవది ఇటికెపొడి కలిపినట్టుంది. చెట్టున్నచోట వాన నేలలోకి దిగి, నెమ్మదిగా, రోజులూ వారాలూ పట్టి కాలువలోకి వస్తుంది. చెట్టులేనిచోట అప్పటికప్పుడే, మట్టినికూడా వెంటబెట్టుకుని పరుగెత్తుతుంది. ఈ పరుగు ఎలాంటిదో మర్నాడు నాకు తెలిసివచ్చింది.

నాలుగవరోజు ఎండ కాసింది. ఒక పల్లెలో థింసా నాట్యం చూడటానికి రమ్మన్నారు. నా కాగితంలో "మూడు గంటలకు పల్లె" అని రాసి ఉన్నది. దారిలో ఒక గెడ్డ అడ్డం వచ్చింది. ఆ ప్రాంతంలో కొండవాగును గెడ్డ అంటారు. నీరు మోకాలి లోతు కూడా లేదు. అడుగున ఉన్న గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. అవతలి ఒడ్డున చెట్లలోనుంచి డప్పుల చప్పుడు వినిపిస్తున్నది.

అన్న నీటి అంచున ఒక రాయి పెట్టి, దాని పక్కనే గొంతుకూచున్నాడు.

"దాటుదామా?" అన్నాను.

"కొంచెం ఆగుదామండి, మేష్టారూ."

అయిదు నిమిషాలు ఆగాం. నేను గడియారం చూసుకున్నాను. రెండూ నలభై అయింది. "ఇక్కడ ఎండ కాస్తున్నది. నీళ్ళు మోకాళ్ళకు రావు. దేనికోసం ఆగటం?" అన్నాను. నా గొంతు కాస్త కటువుగానే ఉందని ఒప్పుకోవాలి. మనవడు అప్పటికే చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు.

అన్న లేచి, వాడి భుజంమీద చెయ్యి వేసి పట్టుకుని, "నీళ్ళు ఇక్కడ ఎన్ని ఉన్నాయని చూడకూడదండి. పైన కొండమీద మబ్బు చూడండి," అన్నాడు.

చూశాను. గెడ్డ వచ్చే దిక్కున, మూడు నాలుగు మైళ్ళ అవతల, కొండ కొమ్ము కనిపించటం లేదు. దాన్ని నల్లని మబ్బు మూసివేసింది. అవతలి ఒడ్డున నెత్తిమీద గంపతో ఒకామె సంతనుంచి వచ్చింది. ఆమె కూడా ఒక్కసారి పైకి చూసి, గంప దించి, రాతిమీద కూచున్నది. అక్కడివాళ్ళెవరూ తొందరపడటం లేదు. తొందరపడుతున్నది నేనొక్కణ్ణే.

మరి కాసేపటికి నీళ్ళలో ఎండుటాకులూ, పుల్లలూ కొట్టుకురావటం మొదలుపెట్టాయి. గులకరాళ్ళు కనపడటం మానేశాయి. నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. అన్న పెట్టిన రాయి మునిగిపోయింది. "వెనక్కి రండి! పైకెక్కండి!" అని అతను పిల్లలిద్దరినీ చెరొక చేత్తో గట్టుమీదికి లాక్కుపోయాడు. నేనుకూడా ఎక్కాను. ఇంతలో రైలు వచ్చేటప్పటి చప్పుడు వినిపించింది. పైనుంచి గెడ్డ ఎర్రగా, నురగలు కక్కుతూ, ఒక పెద్ద చెట్టుబోదెను దొర్లించుకుంటూ వచ్చింది. మేం నిలబడిన చోట నా ఎత్తు నీరు పారింది. మా మీద మటుకు ఎండ కాస్తూనే ఉన్నది.

ఎవరమూ మాట్లాడలేదు. మనవడు తన చెప్పులను గుండెకు అదుముకుని నిలబడ్డాడు. పావుగంట ముందు నా మాట చెల్లి ఉంటే వాడు ఆ నడుమ ఉండేవాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నేను జేబులోనుంచి నా కాగితం తీసి, చించి పారేశాను. ఆ తరువాత మూడు రోజులూ అన్న చెప్పిన వేళకే కదిలాం.

ఆ సాయంత్రం అతను తన గుర్తులన్నీ పిల్లలకు చెప్పాడు. మీరుకూడా గుర్తుపెట్టుకోండి. నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువచ్చినా, అంచున పెట్టిన రాయి మునిగినా, పైనుంచి హోరు వినిపించినా వెంటనే గట్టెక్కాలి. ప్రవాహం వడిగా ఉంటే మోకాలి లోతు నీరే పెద్దవాణ్ణి పడదోస్తుంది. నీళ్ళు తీసేదాకా ఆగటం పిరికితనం కాదు.

అయిదవరోజున కొండ దిగుతూ రెండు చినుకుల కథ చెప్పుకున్నాం. ఒకే మబ్బులోనుంచి రెండు చినుకులు పడ్డాయనుకోండి. ఒకటి అరకులోయలో పడింది. అది గెడ్డల వెంట మాచ్‌ఖండ్ నదిలోకి పోయి, సీలేరులో, శబరిలో ప్రయాణం చేసి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. రెండవది కొండకు ఇవతల, అనంతగిరి వైపున పడింది. అది గోస్తనిలో చేరి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆకాశంలో ఇరుగుపొరుగులే, నేలమీద పడ్డాక ఒకరి మొహం ఒకరు చూడలేదు. వాటిని విడదీసింది కొండ శిఖరమే. ఇలా నీటిని పంచే గట్టును జలవిభాజకం అంటారు.

ఇవతలి చినుకు వెంట మేం బొర్రా గుహలకు వెళ్ళాం. పూర్వం ఒక ఆవు పైనున్న రంధ్రంలోనుంచి గుహలో పడిందనీ, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పశువులకాపరి లోపల శివలింగాన్ని చూశాడనీ అక్కడివారు చెబుతారు. గోస్తని అంటే ఆవు పొదుగు. లోపల కప్పునుంచి మర్రి ఊడలలాగా రాతి ఊడలు వేలాడుతున్నాయి. వాటిని స్టాలక్టైట్లంటారు. వాటికి ఎదురుగా కిందినుంచి లేచే రాతిమొలకలు స్టాలగ్మైట్లు. మనవరాలి ముక్కుమీద ఒక బొట్టు పడింది. ఈ గుహను తొలిచినదీ, ఈ ఊడలను కట్టినదీ ఆ బొట్టే!

అదెలాగంటే, వానచినుకు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు గాలిని తనలో కలుపుకుంటుంది. అలా కాస్త పులిసిన నీరు సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. కరిగిన సున్నపురాతితో బొట్టు గుహకప్పుకు వచ్చి వేలాడుతుంది. అక్కడ ఆ గాలి తప్పించుకుపోతుంది. కరిగిన రాయి పిసరంత అక్కడ మిగిలిపోతుంది. ఇలా ఒక ఊడ నూరేళ్ళకు ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అందుకే దాన్ని ముట్టుకోకూడదు, విరవకూడదు. మీరు ఒక నిమిషంలో విరిచినదాన్ని మళ్ళీ కట్టటానికి వేల ఏళ్ళు పడుతుంది.

ఆరవరోజున తాటిపూడి జలాశయం చూశాం. గోస్తనీకి అడ్డంగా కట్టిన ఆనకట్ట అది. అక్కడినుంచి విశాఖపట్నానికి మంచినీళ్ళు పోతాయి. ఆ రాత్రి విశాఖలో కుళాయి తిప్పి మంచినీళ్ళు పట్టుకుంటూ మనవడు, "ఇది మన చినుకేనేమో!" అన్నాడు. ఏడవరోజున భీమునిపట్నంలో ఒడ్డున నిలబడి, ఎర్రని గోస్తనీ నీళ్ళు నల్లని సముద్రంలోకి చాలా దూరందాకా గీత గీసినట్టు పోవటం చూశాం. ఆ ఎరుపు కొండమీది మట్టి. కొండవాళ్ళు సామలూ, చోళ్ళూ పండించుకునే మట్టి.

తిరిగి వచ్చిన మర్నాడు మేం ముగ్గురం మళ్ళీ నయాపూల్ మీదికి వెళ్ళాం. అప్పుడు వాళ్ళకు మా ఊరి కథ చెప్పాను. 1908 సెప్టెంబరు 28, సోమవారం నాడు ఈ మూసీ పొంగింది. సుమారు 15,000 మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ తరువాత నిజాం ప్రభుత్వంవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన నగరంలో కూచుని నదిని చూడలేదు. నదికి నీరు వచ్చే పైప్రాంతమంతా లెక్క తీశారు. అక్కడ 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయని తేల్చారు. ఆయన సలహామీదే ఎగువన మూసీమీద ఉస్మాన్‌సాగర్, ఈసీమీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయింది.

"అంటే ఆయన కూడా అన్నలాగే పైకి చూశాడన్నమాట," అన్నది మనవరాలు.

నేను ముప్ఫయి ఏళ్ళు భూగోళపాఠం చెప్పాను. ఆ మాట అంత బాగా నేనెన్నడూ చెప్పలేదు.

ఇక ఈ నెల మీరు చేయవలసిన పనులు. ఒకటి: నిలువుపాటి సీసానో, జాడీనో ఆరుబయట పెట్టి, రోజూ ఎనిమిదిన్నరకు వాన కొలిచి, పుస్తకంలో రాయండి. మీ ఇంటి డాబా పొడవు వెడల్పులు కొలిచి, దానిమీద ఎన్ని లీటర్లు పడ్డాయో లెక్క కట్టండి. రెండు: పెద్దలను దగ్గర ఉంచుకుని, గ్లాసెడు సున్నపుతేటలోకి సన్నని గొట్టంతో మెల్లగా ఊదండి. నోట్లోకి మటుకు పీల్చకండి. మొదట తేట పాలలాగా తెల్లబడుతుంది. ఓపికగా ఇంకా ఊదుతూ ఉంటే ఆ తెలుపు విరిగి మళ్ళీ తేటపడుతుంది. బొర్రా గుహలో రాయి కరగటమంటే అదే.

మూడవది మీ అమ్మానాన్నలకు. మీ ఊరి వాగుకో, చెరువుకో నీరు ఎక్కడినుంచి వస్తుందో పిల్లలను తీసుకువెళ్ళి చూపించండి. కొండలకే వెళితే అక్కడివారు ఆగమన్నచోట ఆగండి. గడియారం చూసుకోకండి.